మోకు లేని బొమ్మ

మా నాన్న చండ్రుగొండ దగ్గర కల్లు గీసేవాడు. నేను డిగ్రీలో ఉండగా పోయాడు. సంవత్సరీకానికి సమాధి మీద, తాటిచెట్టు ఎక్కుతున్న ఆయన బొమ్మ వేయించాం. దానికి కాస్త ఎడంగా కూడు పెట్టి, చుట్టూ నిలబడి ఎంత పిలిచినా కాకి ముట్టలేదు. ఆయనకేం లోటు చేశామోనని అందరికీ దిగులు పట్టుకుంది.

అమ్మ బొమ్మను చూసి, అక్కడే ఉన్న పెయింటర్ మీద పడింది. "తల చుట్టు వెలుగెందుకురా? నడుముకు మోకేది? మనిషి జారి పడడా?"

"పోయిన అన్న ఇంకేడ పడతడు వదినె?" అన్నాడు బాబాయి.

"అయితే నువ్వెక్కు, మోకు లేకుంట!"

పెయింటర్ గబగబా నడుముకు తాడు గీస్తుంటే అందరం అతని చుట్టూ మూగాం. వెనక కాకి వాలి తినసాగింది.

"చూసిండ్రా?" అంది అమ్మ, ఏడాది తర్వాత మొదటిసారి నవ్వుతూ.

మేం కూడు దగ్గర నుంచి తప్పుకున్నాం కనుకే వచ్చిందని చెప్పబోయి ఆగిపోయాను. ఇప్పటికీ చెప్పలేదు.