గాజు మీద తెల్ల దారాలు

“...మందు పోస్తే పురుగులతోపాటు చేపపిల్లలూ పోతాయి, తర్వాత నన్ననకండి,” అంది భార్య. దర్జీ చేతిలోని మందు సీసా మూత తీయలేదు, కిందా పెట్టలేదు. చేపల తొట్టి గాజు మీద తెగిన దారాల్లా తెల్లటి పురుగులు పాకుతున్నాయి. వాటి పక్కనే మొన్న పుట్టిన పిల్లలు, ఒంటికి మించిన కళ్లతో, కదలకుండా ఉన్నాయి. తెల్లారేసరికి ఎన్ని మిగులుతాయోనని అతను వాటిని మళ్లీ మళ్లీ లెక్కపెడుతున్నాడు. ఎదుటి ప్రాణి ఆకలిగా ఉందనుకుంటే తట్టుకోలేడు. కుట్టుమిషన్ దగ్గర్నుంచి లేచిన ప్రతిసారీ తొట్టిలో చిటికెడు మేత చల్లుతాడు. చల్లిన సంగతి మరిచిపోయి మళ్లీ చల్లుతాడు.

“ముందు తొట్టి అడుగు శుభ్రం చెయ్యండి. చేపల కంటే ముందు మీ గుండే ఆగేలా ఉంది.” అతను మందు సీసా పక్కన పెట్టి, సన్నటి గొట్టం ఒక కొసను బకెట్లో వేసి, రెండోది గులకరాళ్లలోకి దింపాడు. పిల్ల ఏదైనా అందులోకి పోతుందేమోనని గొట్టాన్ని అంగుళం అంగుళం జరిపాడు. బకెట్లోకి నీళ్లతోపాటు బూడిదరంగు ముద్ద జారింది. అంతా మురిగిన మేత. అందులో పురుగులు కుప్పలుగా మెలికలు తిరుగుతున్నాయి. ఇన్నాళ్లూ తను తిండి పెట్టి పెంచింది వాటినేనని అతనికి అర్థమైంది. చొక్కా జేబులోంచి మేత డబ్బా తీసి భార్య చేతిలో పెట్టాడు. “ఇది నీ దగ్గరే ఉంచు. నేనడిగినా ఇవ్వకు.”