మిర్నా చేపలు ఇల్లు మారిన రోజు

డులూత్ ఊళ్లో మంచు తోసే బండి నడిపే మిర్నా హౌగెన్‌కి ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. భోజనం కూడా సగం నిలబడే చేసేది. ఇంట్లో ఆమె ఇష్టంగా చూసుకునేది ఉప్పునీటి అక్వేరియాన్నే. అందులో ముసలి క్లౌన్ చేపల జంట, అవి దూరి పడుకునే ఆనిమోన్ అనే మెత్తటి జీవి, ఒక ఎర్ర రొయ్య ఉండేవి.

ఆమె అద్దెకున్న ఇంటిని యజమాని అమ్మేశాడు. కొండకు అవతల చిన్న ఇల్లు దొరికింది గానీ, గడ్డకట్టే చలిలో చేపల్ని ఎలా దాటించాలన్న బెంగతో మిర్నాకి సామాన్ల మీద ధ్యాసే లేదు.

ఇల్లు మారే రోజు ఉదయం తొట్టెలోని పాత నీళ్లన్నీ పీపాల్లోకి తోడింది. ఖాళీ తొట్టెనీ, పీపాల్నీ, తొట్టెలోంచి తీసిన సముద్రపు రాళ్లనీ అన్న ఆర్లెన్ ట్రక్కులో ముందు పట్టుకెళ్లాడు. ఆనిమోన్ తన రాయిని వదలకపోవడంతో దాన్ని రాయితో సహా ఒక బకెట్లో, చేపల్నీ రొయ్యనీ మరో బకెట్లో పెట్టింది. బకెట్లకు సీటు బెల్టులు బిగించి బయల్దేరింది. దారి పొడుగునా కారు ఆపడం, మూతలెత్తి చూడడం, మళ్లీ కదలడం.

కొత్త ఇంటికి చేరేసరికి ఆర్లెన్ స్నానాలగదిలో ఆ రాళ్ల ముందు చొక్కా చేతులు మడిచి కూర్చుని ఉన్నాడు.

"చూడవే, ఎంత మురికి పట్టాయో! బ్రష్‌తో రుద్ది కడిగేశా. తళతళలాడుతున్నాయి."

మిర్నా ఒక రాయి చేతిలోకి తీసుకుంది. "కుళాయి నీళ్లతోనా?"

"మరి బీరుతో కడగమంటావా?"

"అది మురికి కాదు నాయనా! నీళ్లని బాగుచేసే సూక్ష్మజీవులు. కుళాయి నీళ్ల మందుకి అన్నీ చచ్చిపోయాయి. ఇప్పుడు చేపల్ని వదిలితే వాటి మలమే వాటికి విషం."

ఆర్లెన్ మొహం పాలిపోయింది. "చెప్పొచ్చు కదే..."

"అడగొచ్చు కదా!"

వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి తిరిగింది. ఆ చుట్టుపక్కల అలా సూక్ష్మజీవులు పట్టిన ఏళ్లనాటి రాళ్లున్నది అక్వేరియం క్లబ్బులో పరిచయమైన డెల్ఫీన్ రోబిడో ఇంట్లోనే. మిర్నా రెండో మొగుడు రాయ్ వెళ్లి చేరింది కూడా ఆ ఇంట్లోనే. ఫోన్ తీసింది, పెట్టేసింది. బకెట్లో ఆడ చేప పైకి తేలి నోరు తెరుస్తోంది. మళ్లీ తీసింది.

"డెల్ఫీన్, నేను మిర్నాని."

"రాయ్‌కి ఫోన్ ఇవ్వమంటావా?"

"అతను నాకెందుకు? నీ రాళ్లు కావాలి."

సంగతంతా విని డెల్ఫీన్ "అడ్రసు చెప్పు" అంది.

తడి న్యూస్‌పేపర్లలో చుట్టిన రాళ్లు పెట్టెలో మోసుకుంటూ డెల్ఫీన్ గుమ్మంలోకి వచ్చింది. "రాయ్ బండిలోనే ఉన్నాడు. లోపలికి రావడానికి సిగ్గుట."

"ఉండనీ. హీటర్ వేసుకోమను."

ఇద్దరు ఆడవాళ్లూ పీపాల్లోని నీళ్లు తొట్టెలో పోసి, చేతులు మోచేతుల దాకా ముంచి రాళ్లు పేర్చారు. నీటి వేడి చూసుకుని, ఆనిమోన్‌నీ చేపల్నీ ఒక్కొక్కటిగా వదిలారు. రొయ్య మాత్రం బకెట్ అడుగునే చచ్చిపడి ఉంది. మిర్నా దాన్ని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు పడెయ్యలేకపోయింది. డెల్ఫీన్ తొందర పెట్టలేదు.

తర్వాత చాలా రోజులు ఆనిమోన్ తన రాయి వదిలేసి అద్దం మీద పాకుతూ ఎక్కడా నిలవలేదు. మిర్నా పనిలోంచి బూట్లతోనే వచ్చి ముందు దాన్ని చూసేది, నీళ్లు పరీక్ష చేసేది, డెల్ఫీన్‌కి ఫోన్ చేసేది. చివరికి ఒక సాయంత్రం అది డెల్ఫీన్ రాయి సందులో కాలూని విచ్చుకుంది. చేపలు రెండూ వెళ్లి అందులో దూరాయి.

ఇప్పుడు డెల్ఫీన్ అప్పుడప్పుడు వస్తుంది. నీళ్ల గురించి, చేపల తిండి గురించి తప్ప ఇద్దరూ మరో మాట ఎత్తరు.