తెరిచి ఉంచిన వీడియో కాల్

ఇవాళ కూడా అమ్మ ఫోన్ పెట్టేసింది. ఏడాది నిండని మా బాబు నిద్రపోతుంటే, ఫోన్‌ని వాడి ఉయ్యాల వైపు తిప్పి నిలబెట్టి, నేను స్నానం చేసి వచ్చేదాకా కాస్త చూస్తూ ఉండమ్మా అని బతిమాలితే, నిద్రపోయే పిల్లల్ని అలా చూస్తూ కూర్చుంటే దిష్టి తగులుతుందే, బుద్ధుందా నీకు, అని కట్ చేసింది. స్నానం మానేసి వాడి పక్కనే కూర్చున్నాను. కిందటి నెల జ్వరంలో వాడికి ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, మావారు ఫెర్రీ పడవెక్కి వెళ్ళి హార్బర్ అవతలి ఒడ్డున డ్యూటీలో ఉన్నారు. భయం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు గానీ, ఆ రోజు నుంచి వాడితో ఒంటరిగా ఉండాలంటే నాకు వణుకు.

అలా కూర్చుంటే సియోల్ గుర్తొచ్చింది. పెళ్ళికి ముందు చదువు కోసం కొన్నాళ్ళు అక్కడున్నాను. ఆ మహానగరంలో మామూలు మనుషులు రోజంతా ఫోన్‌తో ఏం చేస్తారన్నది నా రీసెర్చ్. ఇంటికంతటికీ ఒకే ఫోన్ ఉండి, అది మోగితే పోటీపడి పరిగెత్తిన తరం కదా మనది, నాకు అక్కడి మెట్రో రైలే ఒక వింత. అంతమంది జనం చప్పుడు లేకుండా సబ్‌టైటిల్స్ పెట్టుకుని సీరియళ్ళు చూస్తూ, కాల్ వస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడేవారు. కాఫీ షాపులో అయితే, మనం బస్సు సీటు మీద కర్చీఫ్ వేసినట్టు, టేబుల్ మీద ఖరీదైన ఫోన్ వదిలేసి వెళ్ళి లైన్లో నిలబడేవారు.

నేను అద్దెకున్న ఇంట్లో కింది వాటా ఆవిడకు చంటిపాప. ఎప్పుడు వెళ్ళినా వంటగట్టు మీద ఫోన్‌లో వాళ్ళమ్మ ఉండేది. పొద్దున కలిపిన వీడియో కాల్ సాయంత్రం దాకా అలాగే. అటు ఆవిడ ఆకుకూర బాగుచేసుకుంటూ, ఇటు ఈవిడ పాపకు పాలు పడుతూ, గంటలకొద్దీ ఒక్క మాట ఉండేది కాదు. ఇంతసేపు ఏం మాట్లాడుకుంటారని నాకొచ్చిన అరకొర కొరియన్‌లో అడిగితే, మాట్లాడితే గొడవపడతాం, అందుకే మాట్లాడం అని నవ్వింది. అబద్ధం, గొడవపడేది అదొక్కతే, అని ఫోన్‌లోంచి వాళ్ళమ్మ అందుకుంది. నా థీసిస్‌లో అందరికీ నచ్చిన భాగం అదే.

అది చూసిన ధైర్యంతోనే ఇక్కడ కెనడాలో, హాలిఫాక్స్ నుంచి, మన దేశంలో ఉన్న అమ్మతో అలాంటి కాల్ మొదలుపెట్టాను. అమ్మకు మౌనం పడదు. నేను గిన్నెలు తోముకుంటూ కాసేపు మాట్లాడకపోతే, ఏమే, నెట్ పోయిందా, అంటుంది. ఇక్కడే ఉన్నానమ్మా అంటే, అయితే పనిలో ఉన్నావు, పెట్టేస్తున్నా అంటుంది. నాకు అడ్డం కాకూడదని తన ఆరాటం. ఫిట్స్ సంగతి చెప్పాక ఇంకా బెదిరిపోయింది. నా కళ్ళముందు వాడికేమైనా అయితే ఇక్కణ్ణుంచి నేనేం చెయ్యగలనే అని ఒకసారి ఏడ్చింది. తన విజిటర్ వీసా రెండోసారి కూడా రిఫ్యూజ్ అయింది. మళ్ళీ అప్లై చేద్దామంటున్నారు మావారు, నాకైతే నమ్మకం పోయింది.

రీసెర్చ్‌లో అందర్నీ చివరగా ఒకటే అడిగేదాన్ని, రోజంతా ఫోన్ పనిచేయకపోతే ఏం చేస్తారని. చాలామంది ఆలోచనలో పడేవారు. కింది వాటా ఆవిడ మాత్రం, ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, పాపను ఎత్తుకుని అమ్మ దగ్గరికి నడిచి వెళ్తాను, పక్క వీధే కదా, అంది. ఆ జవాబు థీసిస్‌లోకి ఎక్కలేదు. ఫోన్ గురించి ఆ జవాబులో ఏమీ లేదని అప్పట్లో అనిపించింది.

ఇప్పుడు ఫోన్లు అప్పటికంటే ఎంతో బాగుపడ్డాయి. వాడి కనురెప్ప కదిలినా అక్కడ అమ్మకు స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే తను చూడనంటోంది.