బాగా తినే చేప

ఈ ఉదయం తొట్టె మూత తీయగానే ఉప్పునీటి వాసన ముక్కుకు కొట్టింది. ప్రసాదు గారు గుర్తొచ్చి చేతిలో పని ఆగిపోయింది. సాతంరాయి దగ్గర హైవే పక్కనున్న ఈ రంగుచేపల దుకాణం ఆయనదే. కాకినాడ మనిషి. మంఖాల్ నుంచి తొట్టెలు కడగడానికి వచ్చిన నాకు, యాభై దాటాక అక్షరాలు నేర్పింది ఆయనే.

ఆయన ప్రాణమంతా పగడాల తొట్టెలో ఉండేది. చిన్న చిన్న ముక్కలు తెచ్చి ఏళ్ల తరబడి పెంచారు. నేను రాళ్లనుకున్నాను, నోరు తెరిచి తినే ప్రాణులని ఆయన చూపిస్తేనే తెలిసింది. ఒకసారి వాటి మధ్య కుట్టే జీవులేవో కలుపులా పుట్టుకొచ్చాయి. వాటిని తినే సీతాకోకచిలుక చేప కోసం నన్ను శంషాబాద్ పంపారు. విమానంలో వచ్చిన చేపల పెట్టెలు అక్కడే విప్పుతారు.

"పొడుగు ముక్కు, నారింజ చారలు. అదే తెండి బాలమ్మ గారూ," అన్నారు.

అక్కడ ఆ పొడుగు ముక్కు చేప మూలన ముడుచుకుని ఉంది. పక్క తొట్టెలో కళ్లకు నల్లపట్టీ ఉన్న పసుపుపచ్చ చేప మేత మీద విరుచుకుపడుతోంది. పిల్లల్ని పెంచినదాన్ని, తినే బిడ్డే బతుకుతుందని నా నమ్మకం. అమ్మే అతన్ని అడిగాను.

"ఏందన్నా, గిది అలిగిన పెండ్లిపిల్ల లెక్క కూసున్నది? గా పచ్చది కలుపు తింటదా?"

"ఇంకా జోరుగ తింటదక్కా!"

అతను నిజమే చెప్పాడు. ఇంకేం తింటుందో నేను అడగలేదు. పచ్చదాన్నే కొని తెచ్చాను.

మూడు రోజుల్లో కలుపు పోయింది. నాలుగో రోజు పగడాలు తెరుచుకోలేదు. చేప ఒక్కొక్క నోటినీ కొరుక్కు తింటోంది. ప్రసాదు గారు భుజాల దాకా చేతులు ముంచి, రాళ్లన్నీ బయటపెట్టి దాన్ని పట్టారు.

"తిట్టుండ్రి సారూ, జర తిట్టుండ్రి. గిట్ల ఊకుంటే పరేషానయితున్న."

"తిడితే మీకు తేలికైపోతుందండి. అది తినడం చూశారు. ఇక్కడ ముందే ఎవరున్నారో మరిచిపోయారు."

మర్నాడు ఒక పుస్తకం ఇచ్చి, ఏ పగడం తెరిచిందో రోజూ రాయమన్నారు. తప్పు లేకుండా నేను రాసిన మొదటి మాట 'తెరవలేదు'. పేజీల నిండా అదే.

ఇప్పుడు ఎవరైనా రంగు చూసి చేప అడిగితే, మీ తొట్టెలో ముందే ఏమున్నాయని అడుగుతాను. విసుక్కుంటారు. విసుక్కోనీ.

అన్నిటికన్నా ఆయన ముచ్చటపడ్డ ఆకుపచ్చ పగడం అంచు మాత్రమే మిగిలింది. ఆయన చనిపోయిన నెల రోజులకు అది నిండుగా విచ్చుకుంది. 'తెరిచింది' అని రాశాను. రాసిన మాట మీద నాకే నమ్మకం నిలవదు. పూటకు నాలుగుసార్లు వంగి చూస్తూనే ఉంటాను.