ట్యాంకు పక్కన నడిచేవాళ్లు

సరిహద్దులో గొడవలు మొదలయ్యాక మా అబ్బాయి దగ్గర్నుంచి ఫోన్లు ఆగిపోయాయి. వాడు సైన్యంలో ట్యాంకు డ్రైవరు. ఆ ఇనుప పెట్టెలో మూత వేసుకుని ఒక్కడే కూర్చున్నట్టు నాకు ఒకటే ఊహ. మా ఆవిడ ముందు మాత్రం ధైర్యంగా ఉన్నట్టు తిరిగేవాణ్ణి.

ఆ రోజుల్లోనే కడప నుంచి కర్నూలుకు బస్సులో పోతున్నాను. మైదుకూరులో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. నేను మాటిమాటికీ ఫోన్ తీసి చూడటం గమనించి, "ఎవరికోసమప్పా?" అన్నాడు. ఇంట్లో అనలేని మాట ఆయనతో అనేశాను. "మావాడు సైన్యంలో ట్యాంకు నడుపుతాడు, ఫోన్ రాలేదు. దాంట్లో ఒంటరిగా ఏమైపోతాడో అని భయంగా ఉండాది."

"నేనూ ట్యాంకులో పనిచేసి రిటైరైనోణ్ణే. ఒంటరి యాడప్పా? లోపల ఇంకా మనుషులుంటారు. మూత వేస్తే మాకు పక్కన ఏముండాదో సరిగా కనపడదు. అందుకే నడిచే జవాన్లు మా వెంటే వస్తారు. తూటాలు తగలకుండా వాళ్లకు మేం గోడ, మాకు వాళ్లు కళ్లు."

"మరి ఫోన్?"

"ముందుకు కదిలేటప్పుడు ఫోన్లు తీసిపెడతారు. మా ఇంట్లోవాళ్లూ ఇట్లే ఎదురుచూసినారు."

ఆళ్లగడ్డలో దిగబోతూ, నా భుజం మీద అరచెయ్యి ఆనించాడు. "ఇనుము ఎండకు కాలతాన్నా సరే, జవాను ట్యాంకు మీద ఇట్ల చెయ్యి పెట్టుకునే నడుస్తాడు" అన్నాడు. ఆయన పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

మావాడు క్షేమంగానే ఉన్నాడు, తర్వాత ఫోన్ చేశాడు. కానీ నా మనసు కుదుటపడింది ఆ బస్సులోనే. ఆళ్లగడ్డ దాటాక నిద్ర పట్టింది. కర్నూలులో కండక్టరు తట్టి లేపేదాకా మెలకువ రాలేదు.