ఘోఘా దాకా వెళ్ళొచ్చిన మా మేనత్త

మొన్న ఆదివారం పొద్దున సూరత్‌లోని అమ్రోలి నుంచి బావ ఫోన్ చేశాడు. "అమ్మ పోయింది," అన్నాడు. చాయ్ తాగి, కప్పు కింద పెట్టి కుర్చీలో కూర్చుందట. బావ స్నానం చేసి వచ్చేసరికి ప్రాణం లేదట. కరోనా కాదు, జ్వరం కాదు. సెకండ్ వేవ్ సూరత్‌ను అల్లాడించిన రోజులు దాటుకొని వచ్చిన మనిషి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్ళిపోయింది. ఆమె మా నాన్నకు అక్క, నాకు మేనత్త. ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఏడుపు కన్నా ముందు నవ్వు వస్తోంది. ఆ తప్పు ఆమెదే.

పెళ్ళయిన కొన్నేళ్ళకు తెలంగాణలోని మా ఊరి నుంచి మామయ్య వెంట మగ్గాల పనికి సూరత్ వచ్చింది. మామయ్య జోల్వాలో పవర్‌లూమ్ నడిపేవాడు. అత్త ఇంట్లో కూర్చొని చీరలకు రాళ్ళు అంటించేది. బడికి పోలేదు, గుజరాతీ బజార్లో నేర్చుకుంది. కూరగాయల బండి దగ్గర తెలుగులో మొదలుపెట్టి, హిందీలో బేరమాడి, గుజరాతీలో గెలిచేది. మాస్కులు తప్పనిసరి అన్నప్పుడు, మిగిలిన చీర ముక్కలకు జరీ అంచు వేసి బిల్డింగ్ మొత్తానికి కుట్టిపెట్టింది. వాచ్‌మన్ నెమలి రంగు మాస్కు కట్టుకొని గేటు దగ్గర పెళ్ళికొడుకులా నిలబడేవాడు.

ఇంత నవ్వించే మనిషి మనసులో ఒక ముల్లు ఉండేది. అది వాళ్ళ బాపు, అంటే మా తాత సంగతి. తాత నేతపని చేసేవాడు. కొత్తగా పెళ్ళయ్యాక బొంబాయి మిల్లుకు పోయాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఏళ్ళు గడిచినా ఆయన గురించి కబురు లేదు. చచ్చిపోయాడనుకున్నారు. యుద్ధం అయిపోయాక ఒకరోజు నడుచుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు. సరుకుల ఓడ ఎక్కానని, తెరచాపలు కుట్టానని చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టేవాడికి సముద్రమేంది అని నవ్వారు. బొంబాయిలో ఇంకో సంసారం పెట్టి, అది చెడితే తిరిగొచ్చాడన్నారు. మా బాపమ్మ లచ్చవ్వ ఆ మాటలు విని ఊరుకునేది. ఆ తర్వాత పుట్టిన అత్త మాత్రం వాటిని వింటూ పెరిగింది. మా ఇంట్లో ఎవరూ సూరత్ మొహం చూడకముందే తాత, బాపమ్మ ఇద్దరూ పోయారు.

లాక్‌డౌన్‌లో పాండేసరలో నేను పనిచేసే, బట్టలకు రంగులద్దే డైయింగ్ మిల్లు మూతపడింది. గదిలో ఒక్కదానివే ఏం తింటావని అత్త నన్ను తన దగ్గరికి పిలిపించుకుంది. ఒకరోజు డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్నాం. గాలికి ఒకటి ఉబ్బింది. "సఢ్ నిండింది, చూడు," అంది అత్త. పక్క ఫ్లాట్‌లో మేం బేన్, అంటే అక్కా, అని పిలిచే గుజరాతీ ఆవిడ చేతిలో పని ఆపేసి, ఆ మాట నీకు ఎవరు చెప్పారని అడిగింది. దుప్పటి గాలికి లేస్తే మా బాపు అట్లనే అనేవాడని అత్త చెప్పింది. బేన్ పుట్టిల్లు సముద్రం ఒడ్డున ఉంది. సఢ్ అంటే గుజరాతీలో ఓడ తెరచాప అని ఆమె చెప్పింది. బజారు గుజరాతీలో అత్తకు ఆ మాటతో ఎప్పుడూ పని పడలేదు.

అత్త చేతిలోని దుప్పటిని బకెట్‌లో పడేసి నా వైపు తిరిగింది. "బాపు ఓడ ఎక్కనే లేదన్నరు గదా. మరి గీ మాట ఆయనకు యాడికెల్లి వచ్చింది, బిడ్డా?"

అప్పటి నుంచి ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. బేన్ తన పుట్టింటి వాళ్ళకు ఫోన్ చేసింది, వాళ్ళు ఇంకో రేవు ఊరికి చేశారు. యుద్ధకాలంలో తెరచాపలు కుట్టిన తెలంగాణ మనిషి ఎవరికైనా గుర్తున్నాడా అని ఒడ్డు వెంట కబురు నడిచింది. లాక్‌డౌన్ పుణ్యమా అని ఫోన్ ఎత్తనివాళ్ళు లేరు. చాలామంది తెలియదన్నారు. ఇక వదిలెయ్ అత్తా అన్నాను ఒకసారి. "పోగు తెగితే కొస దొరికేదాక ఎతకాలె," అంది.

కొస అఖాతం అవతల, ఘోఘా రేవులో దొరికింది. ఒక నాఖుదా, అంటే ఓడ నడిపే పెద్దమనిషి, ఇంటి కోడలు ఇంకా బతికే ఉందని, ఆమెకు ఒక తెలంగీ, అంటే తెలుగువాడు, గుర్తున్నాడని తెలిసింది. బండ్లు, పడవలు తిరగడం మొదలైన తర్వాత సూరత్ పక్కన హజీరాలో పెద్ద పడవ ఎక్కి అఖాతం దాటాం. అత్త జీవితంలో ఓడ ఎక్కడం అదే మొదలు. వాంతులవుతాయని నేను నిమ్మకాయలు తెచ్చాను. వాంతులు నాకే అయ్యాయి.

ఆ ముసలామెను అందరూ 'బా', అంటే అమ్మ, అని పిలుస్తున్నారు. చూపు లేదు, మాట మాత్రం గట్టిది. యుద్ధంలో స్టీమర్లన్నీ సర్కారు లాక్కుంటే తెరచాప ఓడలే సరుకు మోశాయని చెప్పింది. తమ ఓడ బియ్యం తీసుకుపోయి ఖర్జూరం తెచ్చేదట. సూది పని తెలిసిన మనిషి కావాలని బొంబాయి రేవులో మామగారు ఆ తెలంగీని ఎక్కించుకున్నాడట. ఒకసారి తుఫానుకు స్తంభం విరిగి, ఓడ అరబ్బుల ఒడ్డుకు కొట్టుకుపోయి, చాలాకాలం అక్కడే చిక్కుకుంది. ఆయనకు రాయడం రాదు. బొంబాయి పోయే ప్రతి ఓడవాళ్ళకూ కబురు చెప్పేవాడట. బొంబాయి దాటి ఆ కబురు ఎవరు మోస్తారు?

ఆ తర్వాత బా అత్త చెయ్యి పట్టుకుంది. "కొత్త తెరచాప ఎత్తేముందు ఆయన దాన్ని కళ్ళకద్దుకొని మీ దేశం అమ్మవారి పేరు తల్చుకునేవాడు. ఖలాసీలూ నేర్చుకున్నారు. మోకు లాగేటప్పుడు అందరూ లచ్చవ్వ మా, లచ్చవ్వ మా అనేవాళ్ళు. మా ఇంట్లో ఇప్పటికీ బరువెత్తితే అదే పేరు. ఆ తల్లి గుడి ఎక్కడుంది? పోయేలోపు ఒక కొబ్బరికాయ కొట్టించాలి."

అత్త ఆమె చెయ్యిని రెండు చేతుల్లోకి తీసుకొని మెల్లగా అంది. "గుడి లేదు బా. ఆమె మా అమ్మ."

ముందు నవ్వింది బా. బోసినోటితో, భుజాలు కదిలేలా. ఆమెను చూసి అత్త, మమ్మల్ని చూసి ఇంట్లోవాళ్ళు. అత్త కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఒక మామూలు ఆడమనిషి పేరుకు ఇన్నేళ్ళు మొక్కామా అని ఇంట్లో ఎవరో అంటే, మొక్కితే గాలి వచ్చింది కదా అని బా గద్దించింది. కొబ్బరికాయ మాత్రం ఆగలేదు, గడప మీదే కొట్టారు.

"ఊరంత మా అమ్మను మొగడు ఇడిచిపెట్టిన మనిషి అన్నది," అంది అత్త బయటికి వచ్చాక. "సముద్రం మీద ఆమె పేరే దిక్కయింది. అమ్మకు తెల్వకపాయె." నాలుగడుగులు వేసి, మళ్ళీ తనే అంది. "తెలిసే ఉంటది. బాపు ఆమెకు చెప్పకుంట ఉంటడా?"

ఇంట్లో ఏ పని చెడినా ఇప్పుడు మేం అత్త మాటే అనుకుంటాం, కొస దొరికేదాకా వెతకాలని. మా తాతను మాకు తిరిగి ఇచ్చింది ఆమె. కానీ ఆమెను తల్చుకుంటే నాకు ముందు కనిపించేది ఆ తిరుగు ప్రయాణమే. రేవు దాటగానే అత్త పడవ డెక్ పైకి ఎక్కి, రెయిలింగ్ పట్టుకొని నిలబడింది. కింద ఒక చిన్న చేపల పడవ పోతోంది. అత్త మాస్కు గడ్డం కిందికి లాగి, వాళ్ళకు చెయ్యి ఊపింది. వాళ్ళెవరో, ఈమె ఎవరో. వలలు లాగుతున్నవాళ్ళు ఒక్కొక్కరే పని ఆపి తలెత్తారు. తడి చేతులు పైకెత్తి అందరూ ఊపారు. పడవ చుక్కంత అయ్యేదాకా అటు వాళ్ళూ ఆపలేదు, ఇటు అత్తా ఆపలేదు.