బత్తాయి ఎడమ చెయ్యి

నర్సింగు రెండో ఏడు చదివే రోజుల్లో నాకు తెలియని జబ్బు లేదు. నయం చేయడం మాత్రం ఒక్కటీ రాదు. మేడ్చల్ దగ్గరి మా కాలేజీలో రొమ్ము క్యాన్సర్ పాఠం చెప్పిన రోజు సగం క్లాసు ముసిముసిగా నవ్వింది, మిగతా సగం భయపడింది. ఫోను జాకెట్లో పెట్టుకుంటే వస్తుందని ఒకతె, పేరు పలికితేనే వస్తుందని ఇంకొకతె. (ఆమె మౌఖిక పరీక్ష ఎలా గట్టెక్కిందో ఇప్పటికీ తెలియదు.) నేను వాళ్ళ అజ్ఞానానికి జాలిపడి, ఆ వారమే రావల్కోల్‌కు సర్వేకి వెళ్ళినప్పుడు, సిగ్గుపడకుండా గడ్డ సంగతి చెప్పాలని అక్కడి ఆడవాళ్ళకు గంటసేపు ఉపన్యాసం ఇచ్చి వచ్చాను.

తిరిగొచ్చాక నా అనుమానం హాస్టల్లో నా గదిలోనే ఉండే స్నేహితురాలి మీద పడింది. గుండ్రటి మొహమని ఆమెను బత్తాయి అనేవాళ్ళం. ఆమె ఎడమ చెయ్యి పైకెత్తడం మానేసింది. జడ మానేసి క్లిప్పు పెట్టుకుంటోంది. స్నానానికి వెళ్తే ఒక పట్టాన రాదు. దొంగను పట్టే కానిస్టేబుల్‌లా ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుంటూ, ఆమె రొమ్ము వైపే చూస్తూ వారం గడిపాను. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

చివరికి మా హాస్టల్ చూసే మేడం నన్నే పిలిపించింది. నా చూపులు బాగాలేవని, గది మార్చమని బత్తాయి ఫిర్యాదు చేసిందట. సిగ్గుతో చచ్చిపోయి, ఏడుస్తూ నోటుబుక్కు ఆవిడ ముందు పెట్టాను. మేడం చదివి నవ్వలేదు. బత్తాయిని పిలిచి తలుపు వేసింది.

"గడ్డ ఉన్నదా బిడ్డా?"

బత్తాయి చున్నీ సర్దుకుని, నా వైపోసారి చూసింది. "పదిహేను రోజులాయె మేడం. అమ్మకు జెప్తే ఇగ పెండ్లి గాదని ఏడుస్తది. దీనికి జెప్తే పొద్దుగూకేసరికి క్లాసంత తెలుస్తది."

ఆ మాట అబద్ధమని అనలేకపోయాను.

మర్నాడు ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. స్కానింగ్ చేశారు, సూదితో ముక్క తీశారు. రిపోర్టు వచ్చేదాకా నాకూ బత్తాయికీ అన్నం సహించలేదు. క్యాన్సర్ కాదు, మామూలు గడ్డేనని తేలింది. చెయ్యి ఎత్తకపోవడం నొప్పితో కాదట, భయంతోనట. బయటికి రాగానే బత్తాయి, "గా నోటుబుక్కు ఇటియ్యి," అని తీసుకుని, బస్టాపులో కాగితం కాగితం చింపింది. నేనూ సాయం పట్టాను.

ఇప్పుడు శామీర్‌పేటలో పనిచేస్తున్నాను. పైట సర్దుకుంటూ "ఏం లేదు సిస్టర్" అనేవాళ్ళు రోజూ వస్తారు. నేను నమ్మను. తలుపు దగ్గరగా వేసి, స్టూలు లాక్కుని పక్కన కూర్చుంటాను. ఒక్క మాట అడగడానికి నోరు రాక నోటుబుక్కు నింపిన అప్పటి ఆ పిల్ల మీద నవ్వొస్తుంది. కొంచెం ముద్దూ వస్తుంది.